రెండో విమానం ఏది?

మేకలు కాసే పెద్దాయన సర్కారు తుమ్మ కంపలో చెయ్యి పెట్టి, విరిగిన రెక్క ముక్క లాగి నా చేతికిచ్చాడు. “జర మెల్లగ దింపకపోతివి సారూ” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెల్లగా దింపబోయినందుకే అది పడింది.

అది రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన పీ-51 మస్టాంగ్‌కు రిమోట్‌తో ఎగరేసే ఫోము నమూనా. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మీటరుకు కాస్త పైన, ఎర్రటి ముక్కు, తోక మీద గళ్లు. అంతకుముందు ఎనిమిది నెలలు ట్రైనర్, అంటే కొత్తవాళ్లు నేర్చుకునే విమానం, ఎగరేశాను. రోజూ చెక్కు చెదరకుండా దించుతున్నాను కాబట్టి చెయ్యి తిరిగిందనుకున్నాను. ఆ పొద్దున కూడా ట్రైనర్‌తో చేసినట్టే చేశాను. ఎండిన చెరువులో చివరి మలుపు తిప్పి, థ్రాటిల్ తగ్గించి, అది దగ్గరలోనే వాలిపోయేలా ఉంటే ముక్కు కాస్త ఎత్తిపట్టాను. ట్రైనరైతే ఊగుతూ ఊగుతూ ముక్కు తనే దించుకునేది. మస్టాంగ్ మాత్రం ఎడమ రెక్క వదిలేసింది. నేను కుడి పక్కకు పుల్ల నొక్కేలోపు గిరగిరా తిరిగి కంపలోకి పోయింది. బ్యాటరీ పదడుగుల అవతల దొరికింది.

ట్రైనర్ నేర్చుకున్న ప్రతివాడూ ఆ తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: ఇప్పుడేది కొనాలి? దీనికి అనుభవజ్ఞులు చెప్పే జవాబులు కనీసం అరడజను ఉన్నాయి. ఒకరు ఎత్తు రెక్కల్లోనే ఉండమంటారు, ఒకరు కింది రెక్కకు పొమ్మంటారు, ఇంకొకరు గ్లైడర్ పట్టుకోమంటారు. కొందరైతే నీకు నచ్చిందే కొనుక్కో, పడితే అతికించుకో అంటారు. ప్రతి జవాబులోనూ కొంత నిజం ఉంది. ముందు ట్రైనర్ మన దగ్గర ఏం దాచిపెట్టిందో చూడాలి. రెండో విమానం పని దాన్ని బయటపెట్టడం.

మొదటిది, నిర్మాణం. ట్రైనర్ మంచితనమంతా అందులోనే ఉంది. రెక్క పైన, బరువు కింద. రెక్కల కొసలు వి ఆకారంలో పైకి లేచి ఉంటాయి. దీన్నే డైహెడ్రల్ అంటారు. ఒక పక్కకు ఒరిగితే విమానం అటు జారుతుంది, ఆ జారుడులో దిగిన రెక్కకు గాలి ఎక్కువ తగిలి మళ్లీ పైకి లేస్తుంది. రెక్క అడుగు బల్లపరుపుగా ఉండడం వల్ల తక్కువ వేగంలోనూ తేలుతుంది. ఈ కాలపు ట్రైనర్లలో వీటన్నిటి పైన గైరో కూడా ఉంటుంది. హారిజన్ హాబీ వాళ్ల సేఫ్ లాంటి ఏర్పాట్లలో పుల్ల వదిలేస్తే విమానం తనంత తాను సమంగా నిలబడుతుంది. అంటే మనం ఎగరేస్తున్నామని మురిసిపోయే రోజుల్లో సగం పని విమానమే చేస్తోంది. గైరో ఆపేసి ట్రైనర్‌ను పది బ్యాటరీలు ఎగరేయనివాడు రెండో విమానం గురించి అడగడం తొందరపాటే. ఇందులో నేను మొహమాటపడను.

రెండోది, రెక్క ఆకారం. ట్రైనర్ రెక్క మొదట్లో ఎంత వెడల్పో కొసన కూడా అంతే. వేగం చాలక రెక్క గాలి పట్టు వదిలేయడాన్ని స్టాల్ అంటాం. అలాంటి రెక్క మొదట నడుము దగ్గర పట్టు వదులుతుంది. కొసలు ఇంకా పనిచేస్తుంటాయి, విమానాన్ని ఒరిగించే ఐలరాన్లు మాట వింటాయి. మస్టాంగ్ రెక్క కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. మీటరు సైజు నమూనాలో ఆ సన్నటి కొస ఎంత చిన్నదంటే గాలి దాని మీద సరిగా అతుక్కోదు. పట్టు ముందు అక్కడే పోతుంది, అదీ ఏదో ఒక పక్కనే. నా ఎడమ రెక్క చేసింది అదే. తెలివిగల కంపెనీలు కొసలను కాస్త కిందికి మెలితిప్పి ఈ బెడద తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టలేవు.

మూడోది అందరూ చెప్పి ఎవరూ లెక్కకట్టనిది, రెక్క మీద పడే బరువు. 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క వైశాల్యం 24 చదరపు డెసీమీటర్లు. దానికింద కిలో విమానం ఉంటే చదరపు డెసీమీటరుకు దాదాపు 42 గ్రాములు. అదే కొలత రెక్క కింద 1,600 గ్రాముల విమానం ఉంటే 67. మొదటిది గాలిలో నిలవడానికి కావాల్సిన కనీస వేగం గంటకు సుమారు 27 కిలోమీటర్లు అనుకుంటే, రెండోదానికి 34 కావాలి. ఏడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ నేలకు తగిలినప్పుడు దెబ్బలో బరువూ ఉంటుంది, వేగం వర్గమూ ఉంటుంది. కలిపితే రెండున్నర రెట్లు. ట్రైనర్ గట్టిగా దిగితే చక్రం వంగుతుంది, బరువైన విమానం అదే తప్పుకు ముక్కు పోగొట్టుకుంటుంది. పెట్టె మీద బొమ్మ చూసి కొనేవాళ్లు పెట్టె పక్కన రాసి ఉన్న బరువు, రెక్క వైశాల్యం చూసి ఒక్క భాగహారం చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. మీటరు నుంచి మీటరున్నర సైజులో రెండో విమానానికి చదరపు డెసీమీటరుకు 50 గ్రాముల దాకా హాయి, 70 దాటితే ఇప్పుడే వద్దు. ఇది నా గీత, దీనికి శాస్త్రం లేదు. విమానం పెద్దదయ్యేకొద్దీ అదే అంకె తేలికవుతుందన్నది మాత్రం శాస్త్రమే.

ఈ ప్రశ్న ఇప్పుడు పుట్టింది కాదు. కట్టెతో, బాల్సాతో విమానాలు కట్టుకునే రోజుల్లో అమెరికాలో దీనికి దాదాపు స్థిరపడిన జవాబే ఉండేది. ఆరున్నర సీసీ గ్లో ఇంజన్ పెట్టిన కాడెట్ లాంటి ట్రైనర్ కట్టు, అది నేర్చుకున్నాక అదే ఇంజన్‌ను ఊడదీసి ఫోర్-స్టార్ 40కి పెట్టుకో. ఈ రెండూ అయోవా రాష్ట్రంలోని సిగ్ కంపెనీవే. ఫోర్-స్టార్ మీటరున్నర రెక్క, కింది రెక్క, మొదటి నుంచి చివరిదాకా ఒకటే వెడల్పు. అంతకు ముందు తరం వాళ్లు అగ్లీ స్టిక్ అనేవారు. దీన్ని గీసింది ఫిల్ క్రాఫ్ట్, 1967లో కోర్సికా దీవిలో జరిగిన ప్రపంచ పోటీలో క్విక్-ఫ్లై అనే తన విమానంతో గెలిచినవాడు. పోటీకి అంత నాజూకైన విమానం గీసినవాడు ఆదివారం పొద్దున సరదాకు ఎగరేసుకునేందుకు గీసింది మాత్రం అట్టపెట్టెకు పలక తగిలించినట్టుండే అగ్లీ స్టిక్. పేరులోనే అందవిహీనం ఉంది. అరవై ఏళ్లయినా జనం దాన్ని కడుతూనే ఉన్నారు.

అగ్లీ స్టిక్‌లో రెక్క పైనే ఉంటుంది, గమనించండి. అయినా అది ట్రైనర్ కాదు. రెక్కలు చదునుగా, దాదాపు వి లేకుండా ఉంటాయి. రెక్క కోత పైనా కిందా దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఎటు ఒరిగిస్తే అటే ఉండిపోతుంది, తలకిందులుగా కూడా తేలిగ్గా ఎగురుతుంది. అందుకే ‘ట్రైనర్ తర్వాత కింది రెక్క’ అనే సూత్రం నాకు సగమే ఒప్పుదల. రెక్క ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యం కాదు. మనం చెప్పేదాకా ఒరిగినచోటే ఉండే విమానం కావాలి, స్టాల్ అయ్యే ముందు మనకు కబురు చేసే విమానం కావాలి. ట్రైనర్‌లో మొదటి గుణం లేదు, మస్టాంగ్‌లో రెండోది లేదు.

అసలు విమానాల పైలట్లను కూడా ఎవరూ ఒక్క దూకులో మస్టాంగ్ ఎక్కించలేదు. యుద్ధకాలంలో అమెరికా కుర్రాళ్లు మొదట స్టియర్‌మన్ మీద, తర్వాత బీటీ-13 మీద, ఆ తర్వాత టెక్సన్ మీద నేర్చుకుని అప్పుడు యుద్ధ విమానానికి వచ్చేవారు. మన దుండిగల్ సంగతీ అంతే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో 2013 నుంచి పీసీ-7 మీద మొదలుపెట్టి, తర్వాత కిరణ్ మీదికి వెళ్లి, ఫైటర్లకు ఎంపికైనవాళ్లు బీదర్‌లో హాక్ ఎక్కుతూ వచ్చారు. హైదరాబాద్ ఉత్తరపు శివార్లలో పొద్దున్నే ఒకే చోట గుండ్రంగా తిరిగే పీసీ-7లను చూసినవాళ్లకు తెలుసు, గంటల తరబడి చేసేదల్లా దిగడం, మళ్లీ లేవడం.

ఇక ఇప్పుడు దొరికే రకాలకు వద్దాం.

ఎత్తు రెక్కల్లోనే పెద్ద చక్రాలతో వచ్చే బుష్ విమానాలు ఒక వర్గం. ఈ-ఫ్లైట్ టింబర్, డ్యూరాఫ్లై టండ్రా, మల్టీప్లెక్స్ ఫన్‌కబ్ లాంటివి. వీటిని ‘ఇంకో ట్రైనరే కదా’ అని తీసిపారేసేవాళ్లున్నారు. నేనూ అలాగే అనేవాణ్ని. ఒక స్నేహితుడి టండ్రా పట్టుకున్నాక నోరు మూసుకున్నాను. వెనక చక్రం ఉన్న విమానం నేల మీద పరుగెత్తేటప్పుడు తోక పక్కకు తిరిగి ముందుకు రావాలని చూస్తుంది, తోక మీది రడ్డర్‌తో క్షణక్షణం సర్దుతుండాలి. మలుపులో ఐలరాన్ ఒక్కటే ఇస్తే ముక్కు అటు కాకుండా ఇటు జరుగుతుంది, దానికీ రడ్డరే మందు. ట్రైనర్ మీద మన ఎడమ బొటనవేలు థ్రాటిల్ పైకీ కిందికీ జరపడం తప్ప అడ్డంగా కదలనే కదలదు. ఆ వేలికి పని నేర్పేది ఈ విమానాలే. పైగా మన దగ్గర పచ్చిక రన్‌వేలు ఎక్కడున్నాయి? కోత కోసిన వరి మడి, ఎండి బీటలు వారిన చెరువు, వెంచర్ వేసి వదిలేసిన ప్లాట్లు. సన్నటి చక్రాలు పెట్టిన అందమైన విమానం నేల మీద రెండు గజాలు కూడా పోదు. నేల గరుకైతే ఎక్కువ ఆలోచించకుండా ఇదే కొనండి.

కింది రెక్కలో ఫోముతో వచ్చేవాటిలో ఎక్కువమంది దారి చూపేది టీ-28 ట్రోజన్ నమూనా వైపు. పార్క్‌జోన్ పేరిట వచ్చిన 1.1 మీటర్ల టీ-28 ఒక తరం మొత్తానికి రెండో విమానం అయింది. కారణాలు పైకి కనిపించేవే. రెక్క మందంగా ఉంటుంది, ముందు చక్రం ఉంటుంది కాబట్టి నేల మీద తోక తిరగదు, లావుపాటి మొహం కాబట్టి దూరం నుంచి ఎటు చూస్తోందో తెలుస్తుంది. అసలు టీ-28ను కూడా శిక్షణ విమానంగానే తయారుచేశారు. ‘వార్‌బర్డ్ కావాలి’ అనే కోరిక తీరుతుంది, మస్టాంగ్ బెడద ఉండదు. బజారులో కొనుక్కునేవాటిలో నా ఓటు దీనికే. యుద్ధ విమానాల్లోనూ అన్నీ నా మస్టాంగ్ అంత చెడ్డవి కావు. కానీ దేంట్లోనైనా ఒక సంగతి మరిచిపోకండి. వేగం తక్కువ ఉన్నప్పుడు కంగారులో థ్రాటిల్ ఒక్కసారిగా పైకి తోస్తే, ప్రొపెల్లర్ ఇటు తిరిగిన కొద్దీ విమానం అటు మెలిపడి ఎడమకు పడుతుంది. థ్రాటిల్‌ను మెట్లు మెట్లుగా పెంచడం వేలికి అలవాటు కావాలి.

గ్లైడర్ గురించి మాట్లాడితే నేను నిష్పక్షపాతంగా ఉండలేను. రెండు మీటర్ల రేడియన్ లాంటి మోటారు గ్లైడర్‌ను మార్చి నెలలో పొద్దున తొమ్మిదింటికి ఒక వంద మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి మోటారు ఆపండి. దూరంగా నల్లరేగడి చేను పక్కన గద్దలు రెక్కాడించకుండా తిరుగుతుంటాయి. వాటి కిందికి వెళ్లండి. మొదట తోక కాస్త లేస్తుంది, అంతే కబురు. అటు తిప్పితే గ్లైడర్ ఎత్తు పోగొట్టుకోవడం మానేసి ఎక్కడం మొదలుపెడుతుంది. గద్దలు అప్పుడప్పుడు దగ్గరికొచ్చి చూసి పోతాయి, మా గ్లైడర్ తోకను ఒకటి కాలితో తన్నిన సందర్భం కూడా ఉంది. గాలిని చదవడం ఇంతకంటే బాగా నేర్పే విమానం లేదు. కానీ గ్లైడర్ ట్రైనర్‌కు తర్వాతి మెట్టు కాదు, పక్క గది. అక్కడ పదేళ్లు ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టరు, కాకపోతే గిరికీలు, తలకిందుల ప్రయాణం అక్కడ నేర్చుకోలేం.

బల్లపరుపు ఫోముతో చేసే, విన్యాసాలకు వాడే త్రీడీ విమానాలే రెండో విమానం కావాలనే చిన్న వర్గం ఉంది. ఆ వాదన విచిత్రంగా అనిపించినా తేలిగ్గా తీసిపారేయలేనిది. రెండు వందల గ్రాముల విమానం నడక వేగంతో ఎగురుతుంది, పడినా ఏమీ కాదు, ఒరిగినచోటే ఉంటుంది. నేను పైన అడిగిన గుణాలు రెండూ ఉన్నట్టే. చిక్కల్లా గాలితోనే. పొద్దున ఏడున్నర దాటి గాలి లేచిందంటే అది విమానం కాదు, ఎండుటాకు. ఫ్యాన్‌తో నడిచే ఈడీఎఫ్ జెట్‌లు రెండో విమానంగా అసలు వద్దు. బరువెక్కువ, బ్యాటరీ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, థ్రాటిల్ ఇచ్చాక ఫ్యాన్ అందుకోవడానికి క్షణం పడుతుంది, దిగేటప్పుడు ఆ క్షణమే ఉండదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా కొనుక్కునే మాట. మన దేశంలో కొనడం అంత సులువేం కాదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలకు మాత్రం దారి వదిలింది. అప్పటి నుంచి బయటి దేశం నుంచి విమానం పెట్టె తెప్పించుకోవడం జూదంలా తయారైంది. మోటార్లు, వాటి వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీలు, సర్వోలు మాత్రం పట్నాల్లోని హాబీ షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. ఇందులో నాకొక మేలు కనిపిస్తుంది. ట్రైనర్‌లో ఉన్న మోటారు, 3ఎస్ 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, సర్వోలు అన్నీ రెండో విమానానికి సరిపోతాయి. కావాల్సిందల్లా కొత్త ఒళ్లు. స్టేషనరీ షాపులో దొరికే 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుతో ఒక ఆదివారం సాయంత్రానికి కట్టేయవచ్చు. ఫ్లైట్ టెస్ట్ వాళ్లు ఇలాంటి బోర్డు విమానాల ప్లాన్లు ఊరికే ఇస్తారు, ప్రింటు తీసి అతికించి కోసుకోవడమే. మన బోర్డు కాస్త బరువు. లోపలి వైపు కాగితం తడిపి ఒలిచేస్తే చాలావరకు తగ్గుతుంది. సైకిల్ స్పోకులు సర్వో కడ్డీలకు భేషుగ్గా పనిచేస్తాయి. రెక్కలో గట్టిదనానికి వెదురు బద్ద చాలు. గ్లూ గన్‌తో అతికించండి. థర్మకోల్ ముక్కలు వాడితే మాత్రం ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వకండి, కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది.

ఇలా కట్టిన నా రెండో రెండో విమానం అగ్లీ స్టిక్‌కు దూరపు బంధువు. పసుపు రంగు ప్యాకింగ్ టేపు చుట్టిన పెట్టెకు పలక రెక్క. చూసినవాళ్లు ఎవరూ ముచ్చటపడరు. దాని మీదే లూప్, రోల్, తలకిందులుగా ఎగరడం నేర్చుకున్నాను, మోటారు ఆపి దించడం కూడా. నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ అదే సాయంత్రం బాగైంది. రెండో విమానానికి నేను అడిగే చివరి గుణం ఇదే, పడిన రోజే ఇంట్లో బాగుచేయగలగాలి. బాగుచేయడానికి నెలపట్టే విమానం ఉన్నవాడు పడుతుందేమో అని భయపడుతూ ఎగరేస్తాడు. అలా ఎగరేసేవాడికి ఏదీ రాదు.

చోటు గురించి రెండు మాటలు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 25 కిలోల లోపు, సరదాకో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసేవి మోడల్ విమానాల కింద వస్తాయి. వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ గ్రీన్ జోన్‌లో 400 అడుగులే, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఇంకా దగ్గరైతే అనుమతి లేనిదే ఎగరేయకూడదు. హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ గీతలు గీసి చూస్తే మిగిలే చోటు తక్కువ. డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోకుండా కారెక్కకండి. మే నెలలో ఆ కారులోనే విమానాన్ని ఎండకు వదిలి టీకి పోతే రెక్క వంకరతో తిరిగొస్తుంది, బ్యాటరీ ఉబ్బితే అది వేరే కథ. సంక్రాంతి ముందూ వెనకా పది రోజులు ఊరి దగ్గర ఎగరేయడమే మానండి. గాలిలో తెగిన మాంజా కంటికి కనపడదు, ప్రొపెల్లర్‌కు మాత్రం వెంటనే దొరుకుతుంది.

తయారయ్యామా లేదా అనేదానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. గైరో ఆపిన ట్రైనర్‌ను ఎడమ వైపు నుంచి అయిదుసార్లు, కుడి వైపు నుంచి అయిదుసార్లు, చెప్పులు పెట్టి గుర్తు వేసుకున్న పది గజాల లోపల దించండి. అందులో రెండుసార్లు మోటారు ఆపేసి దించండి. ఆ తర్వాత బాగా ఎత్తులో కావాలనే స్టాల్ చేసి, రెక్క పడిపోతే రడ్డర్‌తో ఆపి లేపండి. అప్పుడు కొనండి. అప్పుడు కూడా కొత్త విమానాన్ని మొదటి రోజు ఎత్తులోకి తీసుకెళ్లి థ్రాటిల్ తగ్గించి అది ఏ వేగం దగ్గర, ఏ పక్కకు పడుతుందో చూసుకున్నాకే దించడానికి రండి. నేను ఆ పని చేసి ఉంటే పెద్దాయన చేత ఆ మాట అనిపించుకునేవాణ్ని కాదు.

ట్రైనర్‌ను మాత్రం అమ్మకండి. కొత్తది ఎగరేసే పొద్దున ముందుగా ట్రైనర్ మీద ఒక బ్యాటరీ ఖర్చుపెట్టి, వేళ్లు కుదుటపడ్డాక కొత్తదాన్ని తీయండి. గాలి లేచి ఉంటే ఆ రోజుకు దాన్ని పెట్టెలోనే ఉంచేయండి.